కూలర్ పైపులో దారం

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో మా అమ్మ ఇంటి ముందు నిలబడి పళ్లు తోముకుంటున్నాను. "తమ్మీ, మీ బావ పిలిస్తె పలుకుతలేడురా. షెడ్డు ముంగట కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. చాయ్ గూడ తాగలే" అంది. ఆమె ఏడవలేదు. ఏడవాలన్న సంగతి ఇంకా ఆమెకు తట్టలేదు. నోట్లో నురుగుతో అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

వేములవాడ మీదుగా కోరుట్ల చేరేసరికి షెడ్డు ముందు రోడ్డుకు రెండు పక్కలా కార్లు ఆగి ఉన్నాయి. మామూలు రోజుల్లో అన్ని కార్లు ఒకేసారి వస్తే మా బావ నడుము మీద చేతులు పెట్టుకుని "ఏందిది, అంగడా?" అని కసిరేవాడు. ఆ రోజు ఒక్కరూ హారన్ కొట్టలేదు. జగిత్యాల నుంచి వచ్చిన ఒక డ్రైవర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "బండి ఇంక షెడ్డుల పెట్టకముందే, సప్పుడు ఇని చెప్పేటోడన్నా, గేర్ లేటు పడుతున్నదని" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అతని పేరు కూడా నాకు తెలియదు.

పదకొండో దినం అయ్యాక అక్క నన్ను పక్కకు పిలిచింది. "షెడ్డు నడుపుతవా, మూసేద్దామా? ఏదో ఒకటి చెప్పు తమ్మీ" అని అడిగింది. అక్కకు ఆ రేకుల షెడ్డే బతుకు. నాకూ అంతే. అయినా నా నోటి నుంచి ఔనన్న మాట రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి, నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. రెండూ విడివిడిగా చెప్పడం నాకు చేతకాదు.

నేను పద్నాలుగేళ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపినవాణ్ణి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటాం. పని తగ్గి, వారంలో సగం రోజులు సాంచాలు ఆగిపోవడం మొదలయ్యాక, ముప్పై అయిదేళ్ల వయసులో బావ దగ్గర పని నేర్చుకోవడానికి కోరుట్ల వచ్చాను. బామ్మర్ది దొరికితే ఆటపట్టించకుండా వదిలే బావ మా వైపు లేడు. మా బావ అసలే వదలడు. వచ్చినవాళ్లందరికీ "మా కొత్త ఇంజినీరు. మీసాలు నెరిసినంక బడికచ్చిండు" అని పరిచయం చేసేవాడు. నాకు ఒళ్లు మండేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర మాత్రం తన గిన్నెలోని ముక్కలన్నీ నా కంచంలోకి తోసేవాడు. దాంతో కోపం సగం దిగేది. మిగతా సగం ఇంకా అలాగే ఉంది, ఇప్పుడు చూపించుకోవడానికి మనిషి లేడు.

బావ వాళ్ల నాయన తాడిచెట్లెక్కి కల్లు గీసేవాడు. బావ ఆ పనిలో పడకుండా దుబాయ్ పోయి, పదకొండేళ్లు ఒక గ్యారేజీలో కార్ల కింద పడుకుని తిరిగొచ్చాడు. అక్కడ క్లచ్ ఉన్న కారు కనపడడమే తక్కువట. ఇక్కడ షెడ్డు వేసి, ఆటోమేటిక్ గేర్‌బాక్సులు బాగుచేస్తానని బోర్డు రాయిస్తే జనం నవ్వారు. "క్లచ్ లేని బండేందయ్యా, తొక్కేదేం లేకుంటె కాలును ఇంట్ల పెట్టి రావాల్నా?" అన్నారట. రెండేళ్లు ట్రాక్టర్లకు పంక్చర్లు వేస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒకటీ రెండూ, ఆ తర్వాత పదీ ఇరవై అలాంటి కార్లు మా రోడ్ల మీదకు వచ్చాయి. నవ్వినవాళ్లలో కొందరు వాటిలోనే వచ్చారు.

మొదటి రోజు నా చేతికి స్పానర్ ఇస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. రెండు సీసా మూతల్లో రెండు రకాల ఆయిల్ పోసి ముందు పెట్టాడు. రెండూ ఎర్రగానే ఉన్నాయి. "ఏది ఏదో చెప్పు" అన్నాడు. చూశాను, వాసన చూశాను, వేళ్ల మధ్య రుద్దాను. "రెండు ఒక్కటే బావా" అన్నాను. "కాదు. గీ బండిల ఒకటి పోస్తె బండాయిన నీకు దండం పెడ్తడు. రెండోది పోస్తె ఆర్నెల్లకు అచ్చి కాలర్ వట్టుకుంటడు" అన్నాడు. "మరి నీకెట్ల తెలుస్తది?" అని అడిగాను. "సూస్తె నాకు గూడ తెల్వది బామ్మర్ది. డబ్బ మీద సదువాలె, బండి పుస్తకంల సదువాలె. రెండు కలిస్తెనే పొయ్యాలె. కండ్లను నమ్మితె గీ పనిల మునుగుడే." ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి తనకు తెలియదని అంత తేలిగ్గా అనడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

చదవడం అంటే బావకు ఇబ్బందే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాడు. అందుకని కారు రాగానే డాష్‌బోర్డు అరలోంచి దాని పుస్తకం తీసి అక్క చేతికిచ్చేవాడు. అక్క పది దాకా చదివింది. ఏ ఆయిల్ పోయాలో ఆ పేజీ వెతికి, అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటే పైకి చదివేది. బావ అరలో డబ్బా మీద వేలు పెట్టి వాటితో కలుపుకునేవాడు. ఒక్క అక్షరం తేడా వచ్చినా డబ్బా మళ్లీ పైకెక్కేది. ఒకసారి ముత్యంపేట నుంచి ఒక ఆసామి ఎర్ర ఆయిల్ డబ్బా తనే కొనుక్కొచ్చి, "అన్ని ఎర్రయే గదా, పొయ్యి" అన్నాడు. బావ పొయ్యనన్నాడు. "ఏందయ్యా, ఆయిల్ పొయ్యనీకి డాక్టర్ చీటి కావాల్నా?" అని ఆయన ఎగతాళి చేశాడు. "ఔ, కావాలె. చీటి నీ బండిల్నే ఉన్నది, నువ్వే ఇప్పి సూడలే" అని బావ పుస్తకం తీసి చూపించాడు. ఆయన తెచ్చిన డబ్బా పవర్ స్టీరింగుకు పనికొచ్చేది. ఆ కారు గేర్‌బాక్సుకు కావలసింది వేరేది.

ఆయిల్ మీద అంత పట్టుదల ఎందుకని ఒకసారి విసుక్కున్నాను. "ఇంజన్ల ఆయిల్ అంటె, పొలంల పనిచేసేటోళ్లకు సల్ల పోసినట్టు. గీ గేర్ డబ్బల గట్ల గాదు. గిక్కడ ఆయిలే కూలి. గదే నూకుతది, గదే పడుతది, గదే తిప్పుతది. కూలోళ్లు మంచోళ్లు కాకుంటె పంట ఎట్ల అస్తది?" అన్నాడు. ఎన్ని పుస్తకాలు చదివినా నాకు దీనికంటే బాగా అర్థం కాలేదు.

ఆ ఆయిల్ పనిచేస్తూ వేడెక్కుతుంది. వేడెక్కినది ఒక పైపులో రేడియేటర్ దాకా పోయి, చల్లబడి, ఇంకో పైపులో వెనక్కి వస్తుంది. ఆ రెండింటినీ కూలర్ లైన్లంటారు. చిటికెన వేలంత లావు కూడా ఉండవు. బావకు వాటి మీద ఉన్న భక్తి ఇంతా అంతా కాదు. "పెద్ద పెద్ద గేర్ల దిక్కు అందరు సూస్తరు. బండి సచ్చేది మాత్రం గీ సన్న పైపుల కాడనే" అనేవాడు. వాటి నట్టు విప్పాలంటే రెండు స్పానర్లు పట్టాల్సిందే. ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే పైపు మెలికపడుతుంది. వచ్చిన ప్రతి బండికీ, వేరే పని మీద వచ్చినా సరే, ఆ పైపుల పొడుగునా వేలితో తడిమి చెమ్మ చూసేవాడు. "మా నాయిన చెట్టెక్కే ముందు మోకును రోజు తడుముకునేటోడు. నిన్న ఆపింది గదా అని ఇయ్యాల సూడకుంట ఎక్కకపోయేది" అనేవాడు. గీతవాళ్లు నడుముకు కట్టుకుని తాడిచెట్టెక్కే తాడును మోకు అంటారు. ఆయన నాయన డెబ్బై ఏళ్లు దాటాక మంచంలోనే పోయాడు, చెట్టు మీంచి పడలేదు.

ఇక నా తప్పు. కోరుట్లలో ఉండి కొడిమ్యాల వైపు బడిలో లెక్కలు చెప్పే ఒక టీచర్ మేడం ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు పనిచేయదు. చంకలో కర్రతో నడుస్తుంది. క్లచ్ తొక్కలేదు కాబట్టి పాతదే అయినా ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. అంతకుముందు జగిత్యాలలో బస్సు మారి బడికి పోయేది. బస్సు మెట్టెక్కడానికి రోజూ ఎవరో ఒకరి చెయ్యి అడగాల్సి వచ్చేది. కారు వచ్చాక ఎవరినీ అడగలేదు.

ఆ కారు కూలర్ పైపు, రబ్బరు ఇనుముకు కలిసే చోట కారుతోందని వచ్చింది. బావ ఏదో పెళ్లికి జగిత్యాల పోయాడు. పైపు మార్చడం నాకు వచ్చు, మార్చాను. పాత పైపు ఊడదీసినప్పుడు ఆయిల్ నా మొహం మీద కారుతోంది. అలాంటప్పుడు పైపు నోట్లో పెట్టడానికి బావ రబ్బరు మూతలు ఒక డబ్బాలో ఉంచేవాడు. ఆ డబ్బా అవతల గోడ దగ్గర ఉంది. నేను కారు కింద వెల్లకిలా ఉన్నాను. నా జేబులో సాంచాల దారం ఉంది. సిరిసిల్ల పోయినప్పుడల్లా తెగిన దారం ఒక సంచి తెచ్చుకునేవాణ్ణి. సాంచాల దగ్గర మాకు అన్నిటికీ అదే. చేతులు తుడుచుకోవడానికి అదే, కారే నూనెకు అడ్డం అదే, చప్పుడు భరించలేకపోతే చెవుల్లో పెట్టుకోవడానికి కూడా అదే. "నీ దారం గేర్‌బాక్సు కాడికి తేకు, పోగులు రాల్తయి" అని బావ వందసార్లు చెప్పాడు. పద్నాలుగేళ్ల అలవాటు ముందు వందసార్లు ఏం లెక్క? ఇంత ఉండ చుట్టి పైపులో కుక్కాను. తర్వాత పీకాను. వచ్చింది కదా అనుకున్నాను, కుక్కినదంతా వచ్చిందా అని చూడలేదు.

నాలుగో రోజు పొద్దున మేడం ఫోన్ చేసింది. కొడిమ్యాల ఇంకా రాకముందే గేర్‌బాక్సు వేడి లైటు వెలిగిందట. ఆ లైటు వెలిగితే ఎక్కడుంటే అక్కడే ఆపేయాలని బావ ఆమెకు ముందే చెప్పి ఉన్నాడు. ఆమె ఆపేసింది. తాడు కట్టి లాగితే లోపల ఇంకా పాడవుతుందని, లారీ మీదికి ఎక్కించి షెడ్డుకు తెచ్చాం. బావ చల్లబడిన ఆయిల్ తిరిగొచ్చే పైపు విప్పి సీసాలో పెట్టి, ఒక్క క్షణం ఇంజన్ వేయమన్నాడు. ధారగా రావాల్సింది చుక్కలు చుక్కలుగా వచ్చింది. అదీ నల్లగా, మాడు వాసనతో. బావ గాలి గొట్టం తెచ్చి వెనక నుంచి కొట్టాడు. పైపులోంచి ఆయిల్‌తో నల్లబడిన దారపు ఉండ ఒకటి ఎగిరి నా ముందే పడింది.

నేను దాని మీద కాలు పెట్టాను.

ఇన్నేళ్లలో నేను సిగ్గుపడే క్షణం ఏదైనా ఉంటే అదే. మేడం అవతల కుర్చీలో కూర్చుని ఉంది, ఆమె చూడలేదు. బావ చూశాడు. "కాలు తియ్యి బామ్మర్ది" అన్నాడు మెల్లగా. తీశాను. "బావా, చెప్పకు. పాత బండి, ఎన్కటికెల్లే చెత్త ఉండె అని చెప్పు. నన్ను మళ్ల సిరిసిల్లకు తోలకు" అని గొణిగాను. ఆయన ఆ ఉండను తీసి నా అరచేతిలో పెట్టాడు. "నేను చెప్తె నువ్వు దొంగవైతవ్. నువ్వే చెప్తె తప్పు చేసినోనివి అయితవ్. రెంటికి శాన ఫరకున్నది. పో" అన్నాడు.

పది అడుగులు. నాకు మైలు దూరమైంది. "మేడం, తప్పు నాది. పైపుల దారం పెట్టి మరిచిన" అని చెయ్యి చాపాను. ఆమె ఆ ఉండను చూసి, నన్ను చూసింది. "అన్నా, నాకు పనిచేసేది ఒక్క కాలే. రెండో కాలు గీ కారే. నా కాలుల దారం కుక్కి పంపినవా?" అంది. తర్వాత తిట్టింది. లెక్కల టీచర్ కదా, ఒక్క బూతు లేకుండా, ఒక్క మెట్టు వదలకుండా తిట్టింది. నేను తల వంచుకుని అంతా విన్నాను. చివరికి బావ వైపు తిరిగి, "కాకా, బాగైతదా?" అని అడిగింది. "ఆయిల్ కాలింది బిడ్డా. గేర్ డబ్బ కాలిందో లేదో ఇప్పితెనే ఎరుకైతది. నీకు ఉత్త మాట చెప్ప" అన్నాడు బావ.

ఫిల్టరూ సామాన్లూ హైదరాబాద్ నుంచి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మేడంను బడికి దించడం, తేవడం నా పని అని బావ తీర్పు చెప్పాడు. మొదటి రెండు రోజులు ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. మూడో రోజు వెనక్కి వస్తుంటే ఉన్నట్టుండి అడిగింది. "అన్నా, సాంచ మీద పోగు తెగితె ఏం చేస్తరు?" "సాంచ ఆపి, ముడేసి, మళ్ల నడుపుతం మేడం." "సూడకుంట వదిలేస్తె?" "బట్టంత కరాబైతది." "మరి కారు కాడ గది యాదికి రాలేదా?" అంది. "రాలే మేడం. ఇగ మరువ" అన్నాను. ఆమె నవ్వలేదు కానీ జగిత్యాల దగ్గర టీ తాగుదాం ఆపమంది.

గేర్‌బాక్సు కింది పళ్లెం విప్పినప్పుడు లైటు నేనే పట్టుకున్నాను. అడుగున అయస్కాంతాలకు మెత్తటి బూడిదలాంటి పొడి తప్ప ఇనుప ముక్కలు లేవు. బావ వాటిని వేలితో తుడిచి, వెలుతురులో చాలాసేపు చూశాడు. "బతికింది" అన్నాడు. దారపు పోగులు ఒక్కటి కూడా మిగలకుండా లోపలి సన్న దారులన్నీ ఇద్దరం కలిసి కడిగాం. అక్క పుస్తకం చదివింది, బావ డబ్బా దించాడు. ఇక కూలర్ పైపులు బిగించాలి. బావ రెండు స్పానర్లు నా చేతిలో పెట్టి, "బిగియ్యి" అని చాయ్ తాగడానికి పోయాడు.

బిగించాను, విప్పి మళ్లీ చూసి బిగించాను. ఆయన వచ్చాక, "జర సూడు బావా" అన్నాను. ఆయన బండి వైపు చూడలేదు. "నువ్వు సూస్తివి గదా" అని బానెట్ మూసేశాడు. నాకు ఏడుపొచ్చింది. చెబుతున్నాను కదా, నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నవాణ్ణి, కారు చాటుకు పోయి ఏడ్చాను. బావ దాన్ని కూడా వదల్లేదు. "మా ఇంజినీరు కండ్లకెల్లి గూడ లీకైతున్నది" అని అక్కను పిలిచి చూపించాడు.

బావ నమ్మాడు. మేడం మాత్రం అంత తొందరగా నమ్మలేదు, నమ్మాల్సిన అవసరమూ లేదు. ఆ తర్వాత ఆరేళ్లలో ఎప్పుడు బండి తెచ్చినా ముందు చక్రం పక్కన కర్ర ఆనించుకుని నిలబడి, నా చేతులనే చూసేది. "కూసో బిడ్డా, కాలు గుంజుతది" అని బావ కుర్చీ వేసేవాడు. "వద్దు కాకా, కూసుంటె కనవడది" అనేది. కారు కింద పడుకున్న నాకు రెండు చెప్పులూ ఒక కర్ర కొసా కనపడుతుండేవి. నాకు ఆమె మీద కోపం రాలేదు. కానీ ఆ చెప్పుల వెనక బావ గొంతు వినపడుతుంటేనే నా చేతులు సాగేవి. అక్క అడిగినప్పుడు నేను ఔనని అనలేకపోయింది అందుకే. ఆ ఆరేళ్లలో ఆ గొంతు లేకుండా నేను ఒక్క పైపు కూడా బిగించలేదు.

"నెల రోజులు తెరిచి సూద్దాం అక్కా" అని మాత్రం అన్నాను. పోయిన వారం తెరిచాం. రెండు రోజులు ఎవరూ రాలేదు. పెద్ద మేస్త్రి పోయాడు కాబట్టి కరీంనగర్ పోవడమే మేలని జనం అనుకుంటున్నారని చాయ్ హోటల్ దగ్గర విన్నాను. మూడో రోజు ఆదివారం, పొద్దున్నే మేడం కారు వచ్చి సిమెంటు గచ్చు మీద ఆగింది. ముందు ఫోన్ కూడా చేయలేదు.

"ఆయిల్ మార్చే టైమైందన్నా. కూలర్ పైపు కాడ చెమ్మ గూడ కనవడుతున్నది" అంది.

"మేడం, బావ లేడు. కరీంనగర్ పోతె పోండి, నేనేం అనుకోను" అన్నాను.

"నీకు రాదా?"

"అస్తది."

"మరి ఇంకేంది?" అని తలుపు తీసుకుని దిగింది.

అక్క లోపలి నుంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ఎవరూ అడగకుండానే కారు అరలోంచి పుస్తకం తీసింది. నేను కారు కిందికి దూరాను. పైపుల నోళ్లకు రబ్బరు మూతలు పెట్టాను, లెక్కపెట్టి తీశాను. కొత్త పైపు పెట్టి, ఒక స్పానర్‌తో పట్టి, ఒకదానితో తిప్పి బిగించాను. అప్పుడు అలవాటు కొద్దీ తల పక్కకు తిప్పి ముందు చక్రం వైపు చూశాను. అక్కడ ఎండ పడుతున్న ఖాళీ గచ్చు తప్ప ఏమీ లేదు. చెప్పుల కోసం కాస్త దూరంగా వెతికాను. అవతల రేకుల నీడలో, బల్ల మీద, మేడం వీపు నా వైపు పెట్టి కూర్చుని ఉంది. ఒడిలో పిల్లల నోటు పుస్తకాల కట్ట. ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటి దిద్ది పక్కన పెడుతోంది. స్పానర్ చేజారి గచ్చు మీద ఖణేల్‌మని పడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, ఇంకో పేజీ తిప్పింది.